నల్లగుడ్డు ఉడికే కొండ



కోడిగుడ్డు కాస్త ఎక్కువసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చగా, నల్లగా ఒక చార కనబడుతుంది కదూ! జపాన్‌లో ఒక కొండ ఉంది. అక్కడ ఉడికిస్తే గుడ్డు పెంకు మొత్తం బొగ్గులా నల్లబడుతుంది. ఆ కొండ పేరు హకోనె. టోక్యో నగరానికి నైరుతిగా సుమారు 80 కిలోమీటర్ల దూరం.

హకోనె ఒక్క శిఖరం కాదు. దాదాపు 4 లక్షల ఏళ్ళుగా పేలుతూ, కూలుతూ, మళ్ళీ పెరుగుతూ వచ్చిన అగ్నిపర్వతాల గుంపు. నడుమ పళ్ళెంలా కుంగిన పల్లం, చుట్టూ అంచులా కొండలు. పల్లం మధ్యలో లేచిన కామియామ శిఖరం అన్నిటికన్నా ఎత్తు, 1,438 మీటర్లు. సుమారు 3,000 ఏళ్ళ క్రితం దాని పక్క భాగం విరిగి ఏటికి అడ్డంగా పడింది. నీళ్ళు నిలిచిపోయి ఆషి సరస్సు అయింది.

ఆ కొండవాలులోనే ఓవకుదని లోయ ఉంది. నేల చీలికల్లోంచి ఎప్పుడూ ఆవిరి బుసలు కొడుతూ ఉంటుంది. పూర్వం దాన్ని 'నరకపు లోయ' అనేవారు. చక్రవర్తి చూడటానికి వస్తున్నారని పేరు మార్చారు గాని, లోయ గుణం మారలేదు. లోపలి శిలాద్రవం వేడికి భూగర్భజలం మరుగుతుంది. దాంతోబాటు గంధకపు వాయువు పైకి వస్తుంది. నీటిలోని ఇనుము గుడ్డు పెంకుకు పట్టి, ఆ వాయువుతో కలిసి నల్లబడుతుంది. మన పచ్చసొన చుట్టూ చార కూడా ఈ ఇనుము, గంధకం కలిసినదే. పెంకు తీస్తే లోపల మామూలు తెల్లగుడ్డే సుమండీ! ఒకటి తింటే ఏడేళ్ళు ఆయుష్షు పెరుగుతుందని అక్కడివారి నమ్మకం.

ఈ వేడినీటి ఊటల దగ్గర స్నానాలకు వందల ఏళ్ళుగా జనం వస్తున్నారు. ముందు ఒళ్ళంతా సబ్బుతో శుభ్రంగా కడుక్కున్నాకే తొట్టిలో దిగాలి. అంటే స్నానానికి ముందు స్నానం! గంధకం నీళ్ళయితే వెండి పట్టీలు తీసి పక్కన పెట్టాలి, లేకుంటే నల్లబడిపోతాయి.

ఇక కథకొద్దాం. ఆషి సరస్సులో తొమ్మిది తలల మహానాగం ఉండేదట. ఏటా ఒక కన్యను బలి ఇవ్వాల్సి వచ్చేది. మన బకాసురుడి కథ గుర్తుకొస్తోంది కదూ! 8వ శతాబ్దంలో మంగన్ అనే సాధువు జపతపాలతో దాన్ని లొంగదీసి చెట్టుకు కట్టేశాడట. చంపలేదు. అది బుద్ధి తెచ్చుకుని ఆ నీటికి కాపలా దేవత అయిందంటారు. ఇప్పటికీ ఏటా జూలై 31న కన్యకు బదులు ఎర్ర చిక్కుళ్ళతో వండిన అన్నం సరస్సులో సమర్పిస్తారు.

నాగాన్ని కట్టేశారు గాని, కొండలోని నిప్పును ఎవరు కట్టగలరు? ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి పోయే దారి మూసుకుపోతే ఏమవుతుందో మనకు తెలుసు. 2015 ఏప్రిల్ చివర ఓవకుదని దగ్గర చిన్న చిన్న భూకంపాలు మొదలయ్యాయి. అధికారులు ఆలస్యం చెయ్యలేదు. మే నెల మొదట్లోనే లోయలోకి రాకపోకలు ఆపేశారు. రోప్‌వే ఆగింది. పర్యాటకులతో బతికే ఊళ్ళో అది చిన్న నష్టం కాదు. జూన్ 29, 30 తేదీల్లో ఆవిరి పేలి కాస్త బూడిద ఎగజిమ్మింది. ముందే ఖాళీ చేయించారు కాబట్టి ఒక్క ప్రాణమూ పోలేదు.

తరువాత లోయ మళ్ళీ తెరిచారు. అయినా ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు, గర్భవతులు, పసిపిల్లలు ఆ వాయువు దగ్గరికి పోవద్దని అక్కడ హెచ్చరిస్తారు. మీలో ఎవరైనా పిల్లల దగ్గరికని జపాన్ వెళ్తే, హకోనె చూడండి. నల్లగుడ్డు తినండి. కాని దారి మూశామని బోర్డు పెడితే మాత్రం, ఇంత దూరం వచ్చాం కదా అని తాడు దాటి వెళ్ళకండి. ఏడేళ్ళు కలిసిరావాలంటే ముందు మనం క్షేమంగా ఇంటికి రావాలి కదా!