ఇంటి నెట్‌వర్కులో ఉమ్మడి నిల్వ: తెరుచుకోని ఫోల్డరును పరిశీలించే క్రమం

వ్యాససంగ్రహం:

క్షేత్రపర్యటన ధ్వనిముద్రణలను, తాళపత్రాల ఛాయాచిత్రాలను, టైపు చేసుకున్న పాఠాలను ఇంట్లోని ఉమ్మడి నిల్వలో ఉంచి, రెండు మూడు కంప్యూటర్ల నుంచి వాడుకునే పరిశోధకులు ఉన్నారు. ఆ నిల్వ ఒకరోజు తెరుచుకోకపోతే సమాచారమే పోయిందన్న భయం కలుగుతుంది. చాలా సందర్భాల్లో సమాచారం భద్రంగానే ఉంటుంది. దానికి వెళ్లే దారి మాత్రమే తెగి ఉంటుంది. ఆ దారిలోని చిరునామా, పేరు, భాష, గుర్తింపు అనే నాలుగు దశలను ఏ వరుసలో పరిశీలించాలో, తొందరపాటు పరిష్కారాలు ఎందుకు ప్రమాదకరమో ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగు ఫైలుపేర్ల వల్ల కలిగే చిక్కులను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: ఉమ్మడి నిల్వ, నాస్, రౌటర్, ఐపీ చిరునామా, ఎస్‌ఎమ్‌బీ, సాంబా, యూనికోడ్, ఫైలుపేర్లు.

1. ఉపోద్ఘాతం:

గత వేసవిలో ఇంటర్నెట్ సంస్థవారు ఈ వ్యాసకర్త ఇంటికి వచ్చి, పాత ఫైబరు మోడెమ్ తీసేసి కొత్తది బిగించి వెళ్లారు. ఫోన్లలో, టీవీలో ఇంటర్నెట్ వచ్చింది. పని అయిపోయిందనుకున్నాం. ఆ సాయంత్రం ఒగ్గుకథల ధ్వనిముద్రణలున్న ఫోల్డరును తెరవబోతే, నెట్‌వర్క్ దారి దొరకలేదన్న సందేశం వచ్చింది. అందులో ఉన్నవి 11 ఏళ్లపాటు ఊరూరా తిరిగి సేకరించిన కథనాలు. వాటిని పాడినవారిలో కొందరు ఇప్పుడు లేరు.

నిల్వ పరికరం అమ్మిన దుకాణదారుకు ఫోన్ చేస్తే, "వెనకాల రీసెట్ బటన్ నొక్కండి సార్, రెండు నిమిషాల పని" అన్నాడు. ఆ బటన్ ఎంతసేపు నొక్కితే ఏమవుతుందనేది నమూనాను బట్టి మారుతుంది. కొన్నింటిలో నిర్వాహక పాస్‌వర్డు మాత్రమే తొలగుతుంది. కొన్నింటిలో సెట్టింగులన్నీ పోయి వ్యవస్థను మళ్లీ స్థాపించే తెర వస్తుంది. అక్కడ చదవకుండా నొక్కిన ఒక్క అంగీకారంతో డిస్కులు ఖాళీ కావచ్చు. అందుచేత ఆ బటన్ జోలికి పోలేదు. సమస్య ఏ దశలో ఉందో తెలియకముందే చేసే చికిత్స రోగం కంటే ఎక్కువ నష్టం చేయగలదు కనుక, ముందు పరిశీలన క్రమాన్ని తెలుసుకోవాలి.

2. ఉమ్మడి నిల్వ స్వరూపం:

ఇళ్లలో ఉమ్మడి నిల్వ మూడు రూపాల్లో కనిపిస్తుంది. ఒక కంప్యూటరులోని ఫోల్డరును మిగతావాటికి పంచడం మొదటిది. రౌటర్ వెనక యూఎస్‌బీ డిస్కు తగిలించడం రెండవది. నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్, వాడుకలో నాస్ అనే ప్రత్యేక పరికరం మూడవది. నాస్‌ను పెద్ద హార్డ్‌డిస్కు అనుకోవడం పొరపాటు. అది తెర, కీబోర్డు లేని ఒక కంప్యూటర్. దానికి సొంత ప్రాసెసరు, సొంత ఆపరేటింగ్ సిస్టమ్, సొంత వాడుకరుల పట్టిక ఉంటాయి. మన కంప్యూటరులోని వాడుకరిపేరుకు, నాస్‌లోని వాడుకరిపేరుకు సహజమైన సంబంధమేమీ లేదు. గుర్తింపు దశలో వచ్చే చిక్కుల్లో చాలా వాటికి మూలం ఇదే.

ఈ రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే భాష సాధారణంగా ఎస్‌ఎమ్‌బీ, అంటే సర్వర్ మెసేజ్ బ్లాక్. ఇది 1980ల తొలినాళ్లలో ఐబీఎమ్‌లో పుట్టి, తరువాత మైక్రోసాఫ్ట్ చేతుల్లో పెరిగింది. లైనక్స్ ఆధారిత నాస్‌లు ఈ భాష మాట్లాడగలగడానికి సాంబా అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ముఖ్యకారణం. దాని పుట్టుక పరిశోధక విద్యార్థులకు ఆసక్తి కలిగించేది. 1991 చివర కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్, తన పీసీ నుంచి యూనిక్స్ యంత్రంలోని డిస్కును వాడుకోవాలనుకున్నాడు. రెండు యంత్రాల మధ్య నడిచే సందేశాలను గమనిస్తూ, ఆ భాష నియమాలను ఊహించి సర్వరును రాశాడు. వ్యాకరణం చేతికి అందని భాషను వాడుక విని నేర్చుకోవడం వంటిదే ఈ పని. మొదట పెట్టిన పేరుపై వాణిజ్యచిహ్నపు అభ్యంతరం రావడంతో, నిఘంటువు ఫైలులో ఎస్, ఎమ్, బీ అక్షరాలు అదే వరుసలో ఉన్న పదాలను వెదికి, సాంబా అన్న పేరును ఎంచుకున్నాడు.

3. చిరునామా దశ:

పరిశీలన ఇక్కడే మొదలుకావాలి. ఇంటి నెట్‌వర్కులో ప్రతి పరికరానికీ రౌటర్ ఒక ఐపీ చిరునామా ఇస్తుంది. అది తరచుగా 192.168తో మొదలవుతుంది. మూడవ సంఖ్య కూడా ఒకటే అయితే, సాధారణ గృహ అమరికలో ఆ రెండు పరికరాలు ఒకే వీధిలో ఉన్నట్లు. ఒకటి 192.168.0లో, మరొకటి 192.168.1లో ఉంటే అవి వేరువేరు వీధులు. చిరునామా 169.254తో మొదలైతే రౌటర్ నుంచి జవాబు రాక పరికరం తనకు తానే చిరునామా పెట్టుకున్నదని అర్థం. అప్పుడు ముందుగా కేబులును, వైఫైని చూడాలి.

మా ఇంట్లో జరిగినది మూడవ సంఖ్య మారడమే. ఎప్పుడో నాస్‌కు 192.168.1.20 అనే స్థిర చిరునామాను చేతితో రాసిపెట్టాం. కొత్త మోడెమ్ పంచుతున్నవి 192.168.0 వరుస చిరునామాలు. ఫోన్లు, కంప్యూటర్లు కొత్త వీధికి మారిపోయాయి. నాస్ ఒక్కటే పాత వీధిలో ఉండిపోయింది. ల్యాప్‌టాప్‌ను కేబులుతో నాస్‌కు కలిపి, దానికి తాత్కాలికంగా 192.168.1.50 అని చిరునామా ఇచ్చాక నాస్ నిర్వహణ పుట తెరుచుకుంది. అక్కడ చిరునామాను స్వయంచాలక పద్ధతికి మార్చి, రౌటరులో ఆ పరికరానికి ఒక చిరునామాను కేటాయించాం. స్థిరత్వం కావాలంటే రౌటరులో కేటాయించడమే మేలు. పరికరంలో రాసిపెట్టినది రౌటర్ మారిన రోజున ఇలాగే ఎదురుతిరుగుతుంది.

మన ఇళ్లలో మరో కారణం కూడా మామూలే. సంస్థ ఇచ్చిన ఫైబరు మోడెమే వైఫై ఇస్తుంది. దాని వెనక సిగ్నల్ కోసం సొంత రౌటర్ కొని పెడతాం. రెండూ చిరునామాలు పంచుతాయి. ముందుగదిలో ఒక వైఫైకి కలిసిన కంప్యూటరుకు, పడకగదిలో మరొక వైఫై కింద ఉన్న నాస్ అందదు. ఇంటర్నెట్ మాత్రం రెండుచోట్లా వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సొంత రౌటరును యాక్సెస్ పాయింట్ పద్ధతికి మారిస్తే రెండు వీధులు ఒకటవుతాయి. అతిథుల కోసం పెట్టే గెస్ట్ వైఫైకి కలిసినా ఇదే ఫలితం; ఇంటిలోని ఇతర పరికరాలను అందకుండా చేయడమే దాని పని.

పరిశోధకులకు ప్రత్యేకమైన కారణం విశ్వవిద్యాలయ గ్రంథాలయపు వీపీఎన్. పత్రికల కోసం దానిని ఆన్ చేసినప్పుడు, కొన్ని అమరికల్లో కంప్యూటర్ రాకపోకలన్నీ విశ్వవిద్యాలయం వైపు మళ్లి, పక్కగదిలోని నాస్ దూరమవుతుంది. వీపీఎన్ ఆపి చూడటం క్షణం పని.

4. పేరు దశ:

విండోస్‌లో నెట్‌వర్క్ అనే చోట పరికరం కనిపించకపోతే అది పనిచేయడం లేదని నిర్ణయించుకుంటాం. ఈ నిర్ణయం తప్పు కావచ్చు. ఆ జాబితాను ఒకప్పుడు తయారుచేసిన కంప్యూటర్ బ్రౌజర్ సేవ ఎస్‌ఎమ్‌బీ మొదటి రూపంపై ఆధారపడేది. ఆ రూపాన్ని తొలగించాక జాబితా వేరే పద్ధతిలో తయారవుతోంది. ఆ కొత్త పద్ధతి తెలియని పాత నాస్ జాబితాకెక్కదు, కానీ అడిగితే పలుకుతుంది. కాబట్టి ఫైల్ ఎక్స్‌ప్లోరర్ చిరునామా పట్టీలో రెండు వెనకగీతలు పెట్టి \\192.168.0.20 అన్నట్లు సంఖ్యతోనే నేరుగా పిలవాలి. సంఖ్యతో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే దోషం పేరు దశలోనే ఉంది. నాస్‌ను, డిస్కును తాకనక్కరలేదు.

సంఖ్యతోనూ తెరుచుకోకపోతే పింగ్ చేసి చూస్తారు. జవాబు రాకపోయినా నిరాశపడనక్కరలేదు. కొన్ని ఫైర్‌వాళ్లు పింగ్‌ను అడ్డుకుంటాయి. ఎస్‌ఎమ్‌బీ వాడే 445వ పోర్టు తెరిచి ఉందో లేదో పవర్‌షెల్‌లోని టెస్ట్-నెట్‌కనెక్షన్ ఆదేశంతో తెలుసుకోవడం నమ్మదగిన పరీక్ష. ఫోల్డరును పంచుతున్నది మరో విండోస్ కంప్యూటర్ అయితే, దానిలో నెట్‌వర్క్ రకం పబ్లిక్ అని ఉందో, ప్రైవేట్ అని ఉందో చూడాలి. రౌటర్ మారితే విండోస్ దానిని కొత్త నెట్‌వర్కుగా భావించి పబ్లిక్‌లో పెట్టవచ్చు. అప్పుడు పంచుకోవడం ఆగిపోతుంది.

5. భాష దశ:

పోర్టు తెరిచే ఉంది, అయినా సంబంధం కుదరలేదంటే, రెండు యంత్రాలకు ఉమ్మడి భాషారూపం లేదేమో చూడాలి. ఎస్‌ఎమ్‌బీ రెండవ రూపం 2006లో విస్టాతో, మూడవది 2012లో విండోస్ 8తో వచ్చాయి. 2017 చివరి నుంచి విండోస్ 10 కొత్త స్థాపనల్లో మొదటి రూపాన్ని చేర్చడం మానేశారు. పాత నాస్‌లు, రౌటర్‌కు తగిలించిన డిస్కులు కొన్ని మొదటి రూపం ఒక్కటే మాట్లాడతాయి. అప్పుడు వచ్చే దోషసంఖ్య 384.

ఇక్కడ అందరూ ఇచ్చే సలహా, విండోస్ ఫీచర్లలో ఎస్‌ఎమ్‌బీ 1ని మళ్లీ ఆన్ చేయమని. పని జరుగుతుంది. అయితే ఆ రూపాన్ని ఎందుకు తీసేశారో గుర్తుంచుకోవాలి. 2017 మే 12న ప్రపంచమంతటా వ్యాపించిన వన్నాక్రై, ఎస్‌ఎమ్‌బీ మొదటి రూపం అమలులోని లోపాన్ని ఆసరాగా చేసుకుని ఒక యంత్రం నుంచి మరొక దానికి పాకింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే సవరణ ఇచ్చింది. వేసుకోని యంత్రాలు దెబ్బతిన్నాయి. బ్రిటన్‌లో ఆసుపత్రుల పనులు నిలిచిపోయాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారినపడ్డాయి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ఇటువంటి సాఫ్ట్‌వేర్‌కు కంప్యూటరులోని ఫోల్డరు, దానికి కలిపిన నాస్ ఫోల్డరు ఒకటే. నాస్ సాఫ్ట్‌వేర్‌ను నవీకరించి, అందులో కనీసరూపాన్ని ఎస్‌ఎమ్‌బీ 2గా పెట్టడమే సరైన మార్గం. నవీకరణ దొరకని పాత పరికరమైతే మొదటి రూపాన్ని ఒక్కపూట ఆన్ చేసి, ఫైళ్లన్నీ వేరేచోటికి నకలు తీసుకుని, తిరిగి ఆపేయడం వరకే సమ్మతించవచ్చని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

6. గుర్తింపు దశ:

ఇక్కడ దోషసంఖ్యలు బాగా ఉపయోగపడతాయి. సందేశాలు అస్పష్టంగా ఉన్నా సంఖ్యలు అబద్ధమాడవు. 53 అంటే దారి దొరకలేదు. ఇది పై దశల సమస్య. తెరపై 0ఎక్స్80070035 అని కనిపించేది కూడా ఇదే, షోడశాంశ పద్ధతిలో 35 అంటే 53. సంఖ్య 1326 అయితే పేరో పాస్‌వర్డో తప్పు. 5 అయితే మనిషిని గుర్తించింది కానీ అనుమతి లేదు. అంటే 53 కనిపించినప్పుడు పాస్‌వర్డు మార్చుకుంటూ కూర్చోవడం వృథా. 5 కనిపించినప్పుడు కేబుళ్లు పీకి పెట్టడం వృథా.

1326కు బాగా తరచైన కారణం పిన్. కంప్యూటర్ తెరవడానికి రోజూ కొట్టే పిన్ ఆ ఒక్క యంత్రానికే చెల్లుతుంది. మరో కంప్యూటరులోని ఫోల్డరు అడిగేది ఖాతా అసలు పాస్‌వర్డు. ఏళ్ల తరబడి పిన్‌తో గడిపినవారికి ఆ పాస్‌వర్డు గుర్తుండదు. క్రెడెన్షియల్ మేనేజరులో దాగి ఉన్న పాత పాస్‌వర్డు మరో కారణం. దానిని తొలగించి మళ్లీ ప్రయత్నించాలి. ఒకే నాస్‌కు రెండు పేర్లతో ఒకేసారి కలవబోతే 1219 వస్తుంది. పాత సంబంధాన్ని తెంచాలి, లేదా ఒకసారి కంప్యూటర్ పునఃప్రారంభించాలి.

పాస్‌వర్డు లేని అతిథి ప్రవేశం విషయంలో వచ్చే 1272వ దోషం విచిత్రమైనది. మీ సంస్థ భద్రతా విధానాలు అనుమతించవని అంటుంది. ఇంట్లో సంస్థ ఎక్కడిది? 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ప్రో సంచికలో అతిథి ప్రవేశాన్ని ముందుగానే ఆపి ఉంచారు. సందేశాలకు డిజిటల్ సంతకం ఉండాలన్న నియమం కూడా పెట్టారు. అతిథికి సంతకం ఉండదు. నియమాన్ని సడలించే బదులు, నాస్‌లో ఇంటివారికి ఒక్కొక్క ఖాతా, పాస్‌వర్డు ఏర్పరచడం పది నిమిషాల పని.

7. తెలుగు ఫైలుపేర్లు:

దారి అంతా సరిగా ఉండి కొన్ని ఫైళ్లు మాత్రమే నకలు కాకపోతే, పేర్ల పొడవును అనుమానించాలి. విండోస్ ఫైలువ్యవస్థ పేరుకు 255 సంకేతాలను అనుమతిస్తుంది. చాలా నాస్‌లలో ఉండే లైనక్స్ ఫైలువ్యవస్థలు 255 బైట్లను అనుమతిస్తాయి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. అంటే 85 సంకేతాలతో సరి. కంటికి రెండక్షరాలుగా కనిపించే ‘లక్ష్మి’లో పొల్లులతో, గుడితో కలిపి 7 సంకేతాలు, 21 బైట్లు ఉన్నాయి. వ్యాసశీర్షికనే ఫైలుపేరుగా పెట్టే అలవాటున్నవారికి ఈ హద్దు త్వరగా ఎదురవుతుంది. ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో గుప్తీకరించిన ఫోల్డరులో హద్దు 143 బైట్లే. తెలుగులో 47 సంకేతాలు.

రెండవ చిక్కు ఐత్వానిది. యూనికోడ్‌లో ‘ై’ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. రెండూ సమానమేనని ప్రమాణం చెబుతుంది, చూపుకు తేడా ఉండదు. పాత మ్యాక్ డిస్కుల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ వ్యవస్థ విడదీసిన రూపాన్నే దాస్తుంది. లైనక్స్ నాస్ మాత్రం బైట్లను పోలుస్తుంది కనుక, వాటిని రెండు వేరు పేర్లుగా చూస్తుంది. ట్రిడ్జెల్ తన పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథంలో వివరించిన ఆర్‌సింక్‌తో నకలు తీసేటప్పుడు, అక్షరసంకేత మార్పిడి ఐచ్ఛికాన్ని వాడితే ఈ తేడా తొలగుతుంది.

మా నాస్ తిరిగి తెరుచుకున్న రోజు రాత్రి ఫైళ్లు లెక్కపెడుతుంటే ‘మైలారుదేవుని కథ’ ఒకే ఫోల్డరులో రెండుసార్లు కనిపించింది. ఒకటి పాత మ్యాక్ ల్యాప్‌టాప్ నుంచి ఆర్‌సింక్‌తో వచ్చినది, మరొకటి విండోస్ నుంచి వచ్చినది. నకలు కదా అని ఒకదానిని తొలగించబోయి, ముందుగా రెండింటి నిడివి చూశాం. విండోస్ నుంచి వచ్చినదానిలో చివరి 14 నిమిషాలు లేవు.