బంతిపూల ధర తెలిసినవారు

బంతి సాగు మీకు క్రొత్త కాదు. కాని పువ్వు ఏ రోజున ఎంత పలుకునో తోటలో నిలబడి తెలిసికొనలేము. అది తెలిసినవారు హైదరాబాదులోని కార్వాన్‌లో ఒక్క పూటలోనే నలుగురు కనబడుదురు.

కార్వాన్ అనగా బిడారు. గోలకొండ కోటకును పురానాపూల్‌కును నడుమ వర్తకులు దిగిన పేట ఇది. 1671లో కట్టిన తోలీ మసీదు ఇచ్చట నేటికిని ఉన్నది. ఆ శతాబ్దమున వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, దక్కను వజ్రాల గనుల వద్ద బేరము గుడ్డ క్రింద జరుగుట చూచి వ్రాసినాడు. వ్రేలు పట్టిన నూరు, చేయి మొత్తము పట్టిన వెయ్యి. ప్రక్కవానికి ధర తెలియదు. పశువుల సంతలో తువ్వాలు క్రింది బేరము ఎరిగినవారికి ఇది వింత కాదు.

నేడు ప్రక్కనే గుడిమల్కాపూర్ మార్కెటులో చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాదు వైపు పూలు దిగుచున్నవి. ధర పైకే పలుకుదురు. అది ఏల అంత అయినదో మాత్రము అడిగిననే తెలియును.

మొదట పురోహితుని అడుగండి. నవ్వవలదు. మూఢమి ఎప్పుడు, ముహూర్తములు ఎన్ని అన్నది ఆయన పంచాంగము చూచి చెప్పును. పెండ్లిండ్లు లేని నెలలో పూల గిరాకి తగ్గును. బంతికి నారుమడిలో 25–30 రోజులు, నాటిన పిమ్మట పూతకు సుమారు 60 రోజులు పట్టును. కనుక తొలి ఏకాదశికి నారు పోసిన దసరాకు పువ్వు అందును. అయితే 2023లో అధిక శ్రావణము వచ్చినది. తొలి ఏకాదశి జూన్ 29న, దసరా అక్టోబరు నాలుగవ వారమున. అటువంటి యేడు ఆనవాయితీగా నారు పోసినచో తొలి కాపు పండుగకు నెల ముందే వచ్చివేయును. పైగా అందరును ఒకే తిథికి పోసిన, అందరి బస్తాలును ఒకే తెల్లవారున దిగును. నారును 15 రోజుల ఎడముతో రెండు మూడు విడతలుగా పోయుట మేలని నా అభిప్రాయము. వెనుక విడత దీపావళికి, కార్తీక మాసమునకు అక్కరకు వచ్చును.

దండలు కట్టు ఒక అమ్మను అడిగితిని. "సారూ, తూకానికని పువ్వు తడిపి తెస్తరు. పొద్దుగూకే వరకు కుళ్లుతది. అట్లాంటి రైతు పువ్వు మల్ల ముట్టను" అన్నది. మంచు ఆరిన తరువాత, ఎండ ముదరకముందే కోయవలెనన్న మా శాఖ సలహాకు ఇంతకు మించిన కారణము అక్కరలేదు.

హమాలీ సంగతి చిన్నదే: కుక్కి నింపిన బస్తా లోపల వేడెక్కి రేకులు నల్లబడును.

ఇక గుమాస్తా లెక్క. క్వింటాలుకు కోత కూలి, బండి బాడుగ కలిపి రూ. 1,800 అనుకొందము. కిలో రూ. 50 అయిన మిగులు 3,200. కిలో రూ. 20కి దిగిన మిగులు 200 మాత్రమే. ధర సగమునకు మించి తగ్గగా మిగులు పదహారవ వంతుకు పడినది. ఖర్చు ధరతోపాటు దిగదు. ఇందులో కమీషను ఇంకను తీయలేదు. కనుక కూలీలను పిలువకముందు, ముందునాటి సాయంత్రమే ఫోనులో ధర విచారింపవలెను. అమ్మిన పిమ్మట తక్‌పట్టీలో తూకము, ధర, కమీషను, హమాలీ వేరువేరుగా వ్రాయించుకొని, మార్కెటు గేటు దాటకముందే కూడి చూచుకొనండి.