తాతలూ బెంచీ ఎక్కిన ఓడ

ఓడ నడిసముద్రంలో ఉన్నంతకాలం ఆదివారం సెలవు ఉండదు. అమెరికాకు చెందిన ‘సెమిస్టర్ ఎట్ సీ’ అనే తేలే కళాశాలలో నడిచే పద్ధతి ఇది. రేవులో ఆగిన రోజుల్లో ఓడలో తరగతులు జరగవు. నీటి మీద సాగే రోజులు మాత్రం దాదాపు అన్నీ బడి రోజులే. ఈ ఓడలో చదివేవారిలో ఎక్కువమంది ఇరవై ఏళ్ల అటూ ఇటూ వయసు పిల్లలు. వాళ్ల పక్కనే, అవే తరగతుల్లో, యాభై, అరవై, డెబ్బై ఏళ్లవారు కూడా నోటు పుస్తకం తెరిచి కూర్చుంటారు. వారిని అక్కడ ‘లైఫ్‌లాంగ్ లర్నర్స్’ అంటారు. నిత్య విద్యార్థులని మనం చెప్పుకోవచ్చు.

ఆ ఓడ ఎక్కడానికి లక్షల రూపాయలు కావాలి. మగ్గం మీదా, అగ్గిపెట్టెల పని మీదా బతికే గుడియాత్తం కుటుంబాలకు అది అందే సంగతి కాదు. అయినా అక్కడి పెద్దల దినచర్యలో మన తెలుగు బడులు పైసా ఖర్చు లేకుండా తెచ్చుకోగలిగింది ఒకటి ఉంది.

వందేళ్ల నాటి ఆలోచన

ఓడనే బడిగా మార్చాలన్న ఆలోచన కొత్తది కాదు. 1926లో ‘రిండామ్’ అనే ఓడ సుమారు 500 మంది విద్యార్థులతో న్యూయార్క్ తీరం నుంచి బయలుదేరి, ఏడు నెలలకు పైగా ప్రపంచమంతా తిరిగి వచ్చింది. ఇప్పటి కార్యక్రమానికి మూలం 1963లో ‘సెవెన్ సీస్’ ఓడతో మొదలైన సముద్ర విశ్వవిద్యాలయం. హాంకాంగ్ ఓడల వ్యాపారి సి.వై. టుంగ్ దీనికోసం పేరుపొందిన ‘క్వీన్ ఎలిజబెత్’ ఓడను కొన్నారు. మరమ్మతులు జరుగుతుండగా 1972 జనవరిలో అది హాంకాంగ్ రేవులోనే కాలిపోయింది. చదువు మాత్రం ఆగలేదు, ఆయన ఇచ్చిన మరో ఓడలో సాగింది.

ఇప్పుడు నడుస్తున్న ‘వరల్డ్ ఒడిస్సీ’ 1998లో జర్మనీలో తయారైంది. 2016 నుంచి కొలరాడో స్టేట్ యూనివర్సిటీ దీని చదువుకు గుర్తింపు ఇస్తోంది. ఒక్కో ప్రయాణం వంద రోజులకు పైనే. మధ్యలో పది దేశాల దాకా ఆగుతుంది. దీనికి ముందున్న ‘ఎక్స్‌ప్లోరర్’ ఓడ వేలూరుకు సుమారు 140 కిలోమీటర్ల దూరంలోని చెన్నై రేవుకూ పలుమార్లు వచ్చింది.

పెద్దవాళ్ల రోజు ఎలా గడుస్తుంది?

ఓడ ఎక్కగానే మొదటి పాఠం ప్రాణరక్షణ. గంట మోగితే లైఫ్ జాకెట్ వేసుకుని, తనకు కేటాయించిన పడవ దగ్గరికి వెళ్లి నిలబడాలి. ప్రొఫెసరైనా, పందొమ్మిదేళ్ల పిల్ల అయినా, డెబ్బై ఏళ్ల పెద్దాయన అయినా తప్పదు.

తరువాత మూడు నాలుగు రోజులు కడుపులో తిప్పుతుంది. అల్లం, పచ్చ యాపిలు, ఉప్పు బిస్కెట్లతో కాలం గడుస్తుంది. నడవాలో ఒక చెయ్యి ఎప్పుడూ కమ్మీ మీదే ఉండాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి మెట్లు ఎక్కడమే ఒక వ్యాయామం.

పొద్దున పలహారం కాగానే తరగతులు మొదలవుతాయి. ‘ఎ’ రోజు కొన్ని పాఠాలు, ‘బి’ రోజు మరికొన్ని. అలా మార్చి మార్చి వస్తాయి. తాము వెళ్లబోయే దేశాల గురించిన ఉమ్మడి పాఠం ఒకటి విద్యార్థులందరికీ ఉంటుంది. పిల్లలకు హాజరు, పరీక్ష, మార్కులు తప్పవు. పెద్దలకు ఆ బాధ లేదు. నచ్చిన పాఠానికి వెళ్లి వినవచ్చు. అయినా రోజూ వచ్చి ముందు వరుసలో కూర్చునేవాళ్లు వాళ్లలో ఉంటారు. మార్కుల కోసం కాకుండా తెలుసుకోవాలని కూర్చున్న మనిషి పక్కన ఉంటే కుర్రవాళ్లూ కాస్త సర్దుకుని వింటారు.

ఓడ పడమటికి సాగుతుంటే కొన్ని రాత్రులు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు. నిద్రకు గంట కలిసొస్తుంది. తూర్పుకు సాగితే గంట పోతుంది, మరునాడు తరగతిలో ఆవులింతలే. భూగోళం పుస్తకంలో కంఠతా పట్టించే రేఖాంశాలు ఇక్కడ ఒంటికే తెలిసొస్తాయి.

రాత్రి భోజనాల తరువాత ఎవరికి తెలిసింది వారు చెప్పే వేళ. జీవితమంతా నర్సుగానో, న్యాయవాదిగానో, రైతుగానో పనిచేసినవారు తమ అనుభవాలు చెబుతారు. దక్షిణాఫ్రికా బిషప్ డెస్మండ్ టుటు డెబ్బై అయిదేళ్లు దాటాక 2007లో ఈ ఓడలో ప్రయాణించారు. జాతివివక్ష గురించి పుస్తకంలో చదివిన పిల్లలు, దాన్ని ఎదిరించిన మనిషి నోటే విన్నారు.

ఓడలో వరస కలుపుకోవడం

ఈ ఓడలో ఇంకో మంచి అలవాటు ఉంది. ఇల్లు విడిచి వచ్చిన పిల్లలను కొద్దిమంది చొప్పున ఒక పెద్దకో, ఉపాధ్యాయ కుటుంబానికో అప్పగిస్తారు. వారు కలిసి భోంచేస్తారు, పుట్టినరోజులు చేసుకుంటారు, బెంగపడితే ఓదార్చుకుంటారు. పక్కింటావిడను అత్తా అని, ఎదురింటాయనను మామా అని పిలిచే మనకు ఇది వింత కాదు. మనం వీధిలో కలుపుకునే వరసను వాళ్లు బడిలో కలుపుకుంటున్నారు.

రేవులో దిగినా చదువు ఆగదు. ప్రతి పాఠానికీ ఏదో ఒక రేవులో ఒక రోజు బయటి తరగతి ఉంటుంది. ఆసుపత్రికో, గుడికో, కార్ఖానాకో వెళ్లి చూసి వచ్చి రాయాలి.

మన బడికి ఏం పనికొస్తుంది?

2006 నాటి తమిళ అభ్యసన చట్టం ప్రకారం ఒకటో తరగతితో మొదలైన నిర్బంధ తమిళం 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. తమిళం నేర్వడం మంచిదే, ఈ నేల మీద బతికేవాళ్లకు అవసరం కూడా. ఇబ్బంది ఇంకోచోట ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళ మాధ్యమంలోనే చదువుకున్న తల్లిదండ్రులు చాలామందికి తెలుగు అక్షరం రాదు. పిల్లవాడు తెలుగు హోంవర్కు తెస్తే ఇంట్లో చూసేవారు ఉండరు. కొన్నాళ్లకు ‘ఈ బడి మనకెందుకు?’ అన్న మాట వస్తుంది. పిల్లలు తగ్గితే పోస్టు పోతుంది, పోస్టు పోతే తెలుగు తరగతే పోతుంది.

మగ్గం ఉన్న తెలుగు ఇంటిని చూడండి. పడుగు, పేక, నాడె, కండె అనే మాటలు అవ్వ నోట్లో ఉన్నాయి. వాటిని రాసే అక్షరాలు మనవడి చేతిలో ఉన్నాయి. ఆ ఇద్దరూ ఒక బెంచీ మీద కూర్చునే ఏర్పాటు మాత్రం మన దగ్గర లేదు. ఓడలో ఉన్నది ఆ ఏర్పాటే.

దానికి సముద్రం అక్కరలేదు. వారానికి ఒక్క పీరియడు చాలు. ప్రధానోపాధ్యాయులు అనుమతిస్తే, ఒకటి రెండు తరగతుల తెలుగు పాఠానికి అమ్మానాన్నలో, అవ్వాతాతలో ఇద్దరు ముగ్గురు వచ్చి కూర్చోవచ్చు. వారికి పరీక్ష వద్దు, హాజరూ వద్దు. వారు అక్షరాలు దిద్దుతారు. అందుకు బదులుగా నెలకోసారి తమ పని గురించో, ఊరి పాత సంగతుల గురించో పిల్లలకు పది నిమిషాలు చెబుతారు. పిల్లలు దాన్ని తెలుగులో రాసుకుంటారు. ఏడాదికి ఒక్కసారి బయటి తరగతి పెట్టుకోవచ్చు. గుడియాత్తం పిల్లలకు లుంగీల మగ్గం, వేలూరు పిల్లలకు కోట దగ్గరలోనే ఉన్నాయి.

ఈ వయసులో బడికేమిటని సిగ్గుపడేవారు ఉంటారు. వారిని ‘మీరు నేర్చుకోండి’ అని కాక, ‘మా పిల్లలకు నాలుగు మాటలు చెప్పండమ్మా’ అని పిలవడం మేలు. చెప్పడానికి వచ్చిన అవ్వ, పలక మీద తన పేరు రాసుకుని ఇంటికి వెళుతుంది. మరుసటి వారం మనవడి హోంవర్కు పుస్తకం తెరిచి చూసేవాళ్లు ఆ ఇంట్లో ఒకరు ఉంటారు.

వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ఈ ఒక్క పీరియడు సంగతి ఎవరైనా లేచి అడగండి.