పాత ఆంప్లిఫయర్‌కు నీలి లేజర్

హైదరాబాద్‌లోని నాచారం, ఉప్పల్, హబ్సిగూడ ఇళ్లలో డీవీడీల కాలం నాటి హోమ్ థియేటర్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ సినిమా వీసీడీని 28 రూపాయలకూ, డీవీడీని 34 రూపాయలకూ అమ్మిన రోజుల నాటి కొనుగోళ్లవి. ఇప్పుడు బ్లూ రే ప్లేయర్ పెట్టుకుందామంటే, "ఆంప్లిఫయర్‌కు హెచ్‌డీఎంఐ లేదు, మొత్తం సెట్టు మార్చాల్సిందే" అనే మాట వినిపిస్తుంది. అక్కర్లేదు.

ఎలక్ట్రానిక్స్ ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1967లో అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో మొదలైన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఇక్కడికి దగ్గర్లోనే ఉంది. ఈసీ టీవీలు దాని సరుకే. ఎన్టీఆర్ రామకృష్ణా సినీ స్టూడియోస్ నాచారంలోనే వెలిసింది. సినిమా తీసిన చోటూ, దాన్ని ఇంట్లో చూపించే పెట్టెలు చేసిన సంస్థా ఇంత దగ్గరగా ఉన్న చోట, చక్కగా పనిచేస్తున్న ఆంప్లిఫయర్‌ను పాత సామాన్లవాడికి తూచి ఇచ్చేయడం నాకు మింగుడుపడదు.

అసలు ఆ బ్లూ రే ప్లేయర్ ఎక్కడి నుంచి వచ్చింది? 1982లో వచ్చిన సీడీని చదివేది 780 నానోమీటర్ల పరారుణ లేజర్. 1996 నాటి డీవీడీకి 650 నానోమీటర్ల ఎరుపు. తరంగం పొట్టిదైన కొద్దీ కాంతిచుక్క చిన్నదవుతుంది. పాళీ సన్నబడితే అదే కాగితం మీద ఎక్కువ రాయగలిగినట్టు, డిస్కులో ఎక్కువ సమాచారం పడుతుంది. చిక్కల్లా నీలి కాంతినిచ్చే లేజర్ దొరక్కపోవడమే. ఆ కాంతికి పనికొచ్చే గాలియం నైట్రైడ్ స్ఫటికం లోపాల్లేకుండా పెరగదని చాలామంది దాన్ని వదిలేసి జింక్ సెలినైడ్ వెంట పడ్డారు. జపాన్‌లోని నిచియా కంపెనీలో షూజీ నకమురా మాత్రం వదల్లేదు. స్ఫటికాన్ని పెంచే కొలిమిని తన చేత్తోనే మార్చుకుంటూ పోయి 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీనీ, ఆ తర్వాత కొన్నేళ్లకే లేజర్‌నూ సాధించాడు. నీలి ఎల్‌ఈడీకి గాను అకసాకి, అమానో అనే శాస్త్రవేత్తలతో కలిసి 2014లో నోబెల్ అందుకున్నాడు. బ్లూ రేలో వాడే 405 నానోమీటర్ల కాంతి నిజానికి ఊదా రంగుకు దగ్గర.

కాంతితో పాటు కటకం కూడా మారింది. దాని ద్వారకసంఖ్య (న్యూమరికల్ అపెర్చర్) డీవీడీలో 0.6, బ్లూ రేలో 0.85. తరంగదైర్ఘ్యాన్ని దీనితో భాగిస్తే చుక్క సైజు సుమారుగా తెలుస్తుంది: డీవీడీకి 1083 నానోమీటర్లు, బ్లూ రేకు 476. అంటే అడ్డంగా 2.27 రెట్లు, వైశాల్యంలో 5.2 రెట్లు తేడా. డీవీడీ ఒక్క పొరలో పట్టే 4.7 గిగాబైట్లను దీనితో గుణించండి, సుమారు 24 వస్తుంది. బ్లూ రే పొర సామర్థ్యం 25. ఈ లెక్క ఇంత దగ్గరగా సరిపోవడం నాకెప్పుడూ ముచ్చటేస్తుంది. బొమ్మలోనూ అంతే: డీవీడీ 720×576 చుక్కలు చూపిస్తే, ఇది 1920×1080 చూపిస్తుంది. సరిగ్గా అయిదు రెట్లు.

2006లో బ్లూ రే ప్లేయర్లు మార్కెట్లోకి వచ్చాయి. పోటీగా హెచ్‌డీ డీవీడీని నిలబెట్టిన తోషిబా 2008 ఫిబ్రవరిలో తప్పుకుంది.

ఇక మన ఆంప్లిఫయర్ సంగతి. బొమ్మనూ శబ్దాన్నీ ఒకే దారిన పంపాలన్న నియమమేమీ లేదు. హెచ్‌డీఎంఐ తీగను నేరుగా టీవీకి పెట్టండి. శబ్దానికి ఆంప్లిఫయర్ వెనక ఉన్న ఆప్టికల్ రంధ్రం చాలు. బ్లూ రేలోని ట్రూ హెచ్‌డీ, డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ అనే నష్టం లేని ఆడియోలు ఆప్టికల్ తీగలో పట్టవు. కానీ వాటికి తోడుగా పాత ఆంప్లిఫయర్లకు అర్థమయ్యే మామూలు డాల్బీ, డీటీఎస్ శబ్దమూ డిస్కులోనే ఉంటుంది. డీవీడీలో డాల్బీ సెకనుకు 448 కిలోబిట్లకు మించేది కాదు, ఇక్కడ 640 దాకా వస్తుంది. పాత పెట్టెలోనే డీవీడీని మించిన శబ్దం! ప్లేయర్ సెటప్‌లో డిజిటల్ ఆడియోను "బిట్‌స్ట్రీమ్" మీద పెట్టడం మరవొద్దు. "పీసీఎం" మీద ఉంటే ఆప్టికల్ తీగలో రెండు చానళ్లే వెళతాయి, వెనక స్పీకర్లకు విడిగా ఏమీ అందదు.

ఇంతకన్నా మంచి దారి ఆరు ఆర్‌సీఏ తీగలది. కొన్ని ఆంప్లిఫయర్ల వెనక "5.1 ఇన్‌పుట్" అని ఆరు గుండ్రటి పిన్నులు వరసగా ఉంటాయి: ముందు కుడి ఎడమలు, సెంటర్, వెనక రెండు, సబ్ వూఫర్. అన్ని చానళ్లకూ అనలాగ్ అవుట్‌పుట్ ఉన్న ప్లేయర్ దొరికితే ఆ నష్టం లేని ఆడియోను ప్లేయరే విప్పి, ఒక్కో తీగలో ఒక్కో చానల్‌ను పంపుతుంది. అప్పుడు స్పీకర్ల దూరం, సైజు ప్లేయర్ మెనూలోనే నింపాలి, ఎందుకంటే చాలా ఆంప్లిఫయర్లు ఈ పిన్నుల మీద వచ్చే శబ్దాన్ని సవరించకుండా నేరుగా పెంచి పంపేస్తాయి. తీగలు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

హెచ్‌డీఎంఐ లేని పాత టీవీకి మాత్రం కష్టమే. నకళ్ల భయంతో పెట్టిన ఏఏసీఎస్ నిబంధన వల్ల 2013 తర్వాత తయారైన ప్లేయర్లు బొమ్మను అనలాగ్ తీగల్లో పంపవు. శబ్దానికి ఆ ఆంక్ష లేదు. అయినా కంపెనీలు ఖర్చు తగ్గించుకోవడానికి ఆరు పిన్నులనూ తీసేశాయి, చౌక మోడళ్లలో కొన్నింటికి శబ్దానికి ఆప్టికల్ కూడా లేకుండా కోయాక్సియల్ రంధ్రం ఒక్కటే మిగిలింది. అందుకే సెకండ్‌హ్యాండ్ ప్లేయర్ కొనేటప్పుడు ముందు దాన్ని వెనక్కి తిప్పి చూడండి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన డిస్కులుంటే రీజియన్ కూడా చూసుకోవాలి: వాళ్లది ఏ, మనది సీ.