ఒకే ఫైటర్‌కి మూడు పేర్లు ఎందుకు?

రెండో ప్రపంచ యుద్ధం నాటి కోర్సెయిర్ ఫైటర్‌ని ఒక చోట ఎఫ్4యు అంటారు, ఇంకోచోట ఎఫ్‌జీ, మరోచోట ఎఫ్3ఏ. మూడూ కరెక్టే!

అప్పటి అమెరికా నేవీ లాజిక్ సింపుల్. ఎఫ్ అంటే ఫైటర్. 4 అంటే ఆ కంపెనీ ఫైటర్లలో నాలుగో మోడల్. మొదటిదైతే 1 రాయరు. చివరి అక్షరం కంపెనీ కోడ్: యు అంటే వాట్, జీ అంటే గుడ్‌ఇయర్, ఏ అంటే బ్రూస్టర్. డిజైన్ వాట్‌ది. యుద్ధంలో ఎక్కువ విమానాలు కావాల్సొచ్చి మిగతా ఇద్దరితోనూ చేయించారు. పేరు పక్కన -1, -4 అని ఉంటే అవి మన యాప్ వెర్షన్ల లాంటివే. 1962లో ఈ పద్ధతి మారిపోయింది.

కానీ వెర్షన్ ఒక్కటే తెలిస్తే చాలదు. ఫోన్‌కి ఐఎంఈఐ ఉన్నట్టు, ప్రతి విమానానికీ విడిగా బ్యూరో నంబర్ ఉంటుంది. పైన పెయింట్ చేసింది చూసి నమ్మేయకండి. రిపేర్ చేశాక ఫేమస్ పైలట్ విమానంలా రంగులేయడం మామూలే.

ఆ నంబర్ విలువెంతో చూడండి. ట్రైనింగ్‌లో మిషిగన్ సరస్సులో మునిగిన ఒక డాంట్‌లెస్‌ని 1990లలో బయటికి తీశారు. ఇది ఫైటర్ కాదు, నేవీ బాంబరే. నంబర్ 2106. రికార్డులు చూస్తే, 1942 మిడ్‌వే యుద్ధంలో పోరాడి తిరిగొచ్చిన విమానం అదే! ఆ నాలుగు అంకెలు లేకపోతే అదీ ఒక పాత విమానంగానే మిగిలిపోయేది.