చక్రముల మీది ఇల్లు – వనమున మర్యాద

అమెరికాలో 1872లో ఏర్పడిన యెల్లోస్టోన్ ప్రపంచమున తొలి జాతీయ వనముగా పేరొందినది. వేసవిలో అనేక కుటుంబములు పడక, వంటగది, స్నానపుగది అమరిన మోటారు బండ్లలో అచటికి వచ్చుచుండును. వీటినే ఆర్‌వీలందురు.

ఇవి నిలుచుటకు వనపు పశ్చిమ ద్వారము చెంతనున్న వెస్ట్ యెల్లోస్టోన్ పట్టణమున ప్రైవేటు విడిదులు గలవు. అచట బండికి విద్యుత్తు, మంచినీరు, మురుగునీటి గొట్టము కలుపుకొనవచ్చును. వనము లోపల ఈ మూడు సౌకర్యములును గల విడిది ఫిషింగ్ బ్రిడ్జి ఒక్కటే. అది ఎలుగుబంట్లు తిరుగు తావు. కనుక గుడారములకును, గుడ్డగోడల బండ్లకును అచట అనుమతి లేదు.

ఇందలి కారణమును మనము గ్రహింపవలెను. ఒకప్పుడు యాత్రికులు బాటప్రక్కన ఎలుగులకు తిండి పెట్టి వినోదించెడివారు. మనిషి తిండి మరిగిన ఎలుగు మనిషిని వెదకుకొని వచ్చును, గాయపరచును, తుదకు అధికారులు దానిని చంపవలసివచ్చును. 1970 నుండి ఈ అలవాటును కఠినముగా మాన్పించిరి. నేడు యాత్రికులు ఎలుగులకు కనీసము 91 మీటర్ల దూరమున ఉండవలెను. తినుబండారములన్నియు బండిలో మూసియుంచవలెను.

బల్లపై మనము మరచిన రొట్టెముక్క ఒక ప్రాణమును తీయగలదు. మన ఇల్లు మన వెంట వచ్చినను, ఆ వనమున మనము అతిథులమే, ఇంటివారు మృగములే.