మౌనము అర్ధాంగీకారమా?

"మౌనము అర్ధాంగీకారము" అను లోకోక్తి పెండ్లి సంబంధములు కుదుర్చుకొను వేళ చెల్లునేమో కాని, ప్రజాజీవితమున దానిని ప్రయోగించుట ప్రమాదకరము. జెండాలు పట్టి నినాదములు చేయు జనము నిన్న వేలలో నుండి, నేడు వందలకు దిగి, రేపు పదులకు చేరినపుడు, పాలకపక్షమువారు "ప్రజలు మా మాట నమ్మిరి" అని సంతోషింతురు. ఉద్యమ నాయకులు "ప్రజలు అలసిపోయిరి" అని నిట్టూర్తురు. ఈ రెండు వ్యాఖ్యానములును వీధిలో కనబడని మనుష్యుని అడుగకయే చేసినవి.

పాత ప్రభుత్వము పోవక, కొత్త ప్రభుత్వము రాక, నడుమ "ఆపద్ధర్మ ప్రభుత్వము" గద్దెనున్న దినములలో ఈ చిక్కు మఱింత బిగియును. ప్రశ్నింపవలసినవారు వీధిలో లేరు. బదులు చెప్పవలసినవారికి అధికారమున్నదో లేదో తెలియదు. ఈ రెండు శూన్యములును ఒక్కమాఱుగా కలిసినపుడు కొండలలోని మనుష్యుని గతి యేమి? అరకులోయయు, దాని చుట్టునున్న తూర్పు కనుమల మన్యమును ఈ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పగలవు.

ముందుగా పేరును గూర్చి రెండు మాటలు. ఆంగ్లమున ఇట్టి ప్రభుత్వమునకు వాడు పదమునకు, యజమాని లేనివేళ ఇల్లు కనిపెట్టుకొని యుండువాడని అర్థము, అనగా కావలివాడు. తెలుగు పత్రికలు దానికి "ఆపద్ధర్మ ప్రభుత్వము" అని పేరు పెట్టినవి. ఈ ఆపద్ధర్మ శబ్దము మహాభారత శాంతిపర్వమునుండి వచ్చినది. రాజధర్మము, ఆపద్ధర్మము, మోక్షధర్మము అని ఆ పర్వమున మూడు ప్రకరణములు కలవు. కఱవుకాలమున విశ్వామిత్రుడు ఆకలికి తాళలేక ఊరి వెలుపలి గుడిసెలో కుక్కమాంసమునకు చేయిచాచిన కథ ఈ ఆపద్ధర్మ ప్రకరణములోనిదే. మామూలు దినములలో తగనిది ఆపత్కాలమున తగుననుటయే అందలి సారము. కావలివాని ధర్మమో, దానికి పూర్తిగా భిన్నము. మంచె మీది కావలివాడు చేనును పిట్టలనుండి, అడవిపందులనుండి కాపాడును. పంట కోయడు, అమ్మడు, గట్టు జరుపడు. ఒక పేరు సడలింపును సూచించును; రెండవది కట్టుబాటును సూచించును. మన మనస్సులో నున్నది కావలివాడు. మన నోట వచ్చునది ఆపద్ధర్మము. వాదములో సగము ఈ తేడానుండియే పుట్టుచున్నది.

ఇక అరకు సంగతి. 2018 సెప్టెంబరు 23వ తేదీన అరకు శాసనసభ్యులు శ్రీ కిడారి సర్వేశ్వరరావు, మాజీ శాసనసభ్యులు శ్రీ సివేరి సోమ, డుంబ్రిగుడ మండలము లివిటిపుట్టు వద్ద మావోయిస్టుల చేతిలో హతులైరి. జనము ఆగ్రహించి అరకు, డుంబ్రిగుడ పోలీసు స్టేషన్లపై దాడి చేసిరి. ఆ ఆగ్రహము కొలది దినములలో చల్లారినది. శాసనసభ గడువు ఏడాదికి లోపుగనే మిగిలియుండుటచే ఉపఎన్నిక జరుగలేదు. నవంబరు 11న సర్వేశ్వరరావుగారి కుమారుడు శ్రీ శ్రావణ్ కుమార్ మంత్రిగా ప్రమాణము చేసిరి. గిరిజన సంక్షేమ శాఖ వారికి దక్కినది. కాని వారు ఏ సభలోను సభ్యులు కారు. అట్టివారు ఆరు నెలలకు మించి మంత్రిపదవిలో నుండరాదని రాజ్యాంగము 164వ అధికరణము విధించుచున్నది. గడువు తీరవచ్చుటచే 2019 మే 9న వారు రాజీనామా చేసిరి.

ఆ తేదీని పాఠకులు ఒకింత గమనింపవలెను. ఏప్రిల్ 11న పోలింగు జరిగి అప్పటికి సరిగా నాలుగు వారములు. మే 23న జరుగవలసిన లెక్కింపునకు ఇంక రెండు వారములు. ఆ రెండు వారములు అరకు ప్రజలకు శాసనసభ్యుడు లేడు. తమలోనుండి వచ్చిన మంత్రియు లేడు. వారు వేసిన ఓట్లు పెట్టెలలో సీలుపడి యున్నవి. అమరావతిలోని ప్రభుత్వము సంపూర్ణ ప్రభుత్వమా, ఆపద్ధర్మ ప్రభుత్వమా అని రాష్ట్రమంతటను వాదము చెలరేగుచుండెను.

ఆ వాదమున ఇరుపక్షములకును బలము లేకపోలేదు. శాసనసభ రద్దు కాలేదు, గడువు జూన్ వఱకు కలదు, కావున తమ ప్రభుత్వమునకు ఏ లోపమును లేదని ముఖ్యమంత్రి శ్రీ చంద్రబాబునాయుడు పక్షమువారు వాదించిరి. ప్రజలు తీర్పు ఇచ్చివేసిరి, ఎన్నికల నియమావళి అమలులో నున్నది, ఇక సమీక్షలు, నిర్ణయములు తగవని ఎదుటిపక్షమువారు వాదించిరి. మే 3న ఫణి తుపాను ఒడిశా తీరమును తాకినది. తరువాత మంత్రివర్గ సమావేశమునకు ఎన్నికల సంఘము అనుమతి కోరవలసి వచ్చెను. మే 14న ఆ సమావేశము జరిగెను. తుపాను, కఱవు, త్రాగునీరు, ఉపాధిహామీ పనులు అను నాలుగు విషయములే అందు చర్చకు వచ్చినవి.

చట్టము మాట కొంత స్పష్టముగనే యున్నది. మన రాజ్యాంగమున "ఆపద్ధర్మ ప్రభుత్వము" అను మాట ఎక్కడను లేదు. 1970 డిసెంబరులో లోక్‌సభ రద్దయిన పిమ్మట శ్రీమతి ఇందిరాగాంధీ ప్రధానిగా కొనసాగుట చెల్లదని ఒక వ్యాజ్యము రాగా, సభ లేకున్నను మంత్రిమండలి ఉండితీరవలసినదే యని సుప్రీంకోర్టు 1971లో తీర్పు చెప్పెను. కావున అధికారము ఉన్నదనుటలో సందేహము లేదు. కాని ఉన్న అధికారమును ఎంతవఱకు వాడవలెననునది వేఱు ప్రశ్న. చట్టము విడిచిన ఆ చోటును ఆచారమును, సంయమనమును పూరింపవలెను. మే 14 నాటి నాలుగు విషయములు ఆ కొలతకు తగినవి. త్రాగునీటికి తీర్పు వెలువడువఱకు ఆగుమనుట న్యాయము కాదు. కొండను తవ్వుటకు ఆగుమనుట అన్యాయము కాదు.

కొండను తవ్వుట అనగనే వీధి ఉద్యమముల ప్రసక్తి వచ్చును. 2015 నవంబరు 5న నాటి ప్రభుత్వము 97వ నంబరు ఉత్తర్వును వెలువరించి, చింతపల్లి మన్యములోని జెర్రెల ప్రాంతమున 1,212 హెక్టార్ల అడవిని బాక్సైటు త్రవ్వకమునకు కేటాయించెను. పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతములలో సభలు, ప్రదర్శనలు, బందులు జరిగెను. ఉత్తర్వును నిలిపియుంచితిమని ప్రభుత్వము ప్రకటించెను. అప్పటినుండి జనము పలుచబడినది. అది చూచి, ఉద్యమము చచ్చినదని తలచినవారు లేకపోలేదు.

మన్యమున ఉద్యమము పలుచబడుటకు కారణములు పట్టణపు కొలతలకు అందవు. మండల కేంద్రమునకు వచ్చి ఒక పూట కూర్చుండుటకు కొండపై మనిషికి వెళ్ళిరాను దినము పట్టును. ఆనాటి కూలి పోవును. తొలకరి పడినచో చోడి, సామ విత్తనములు ఇంట నుండనీయవు. చలికాలము వచ్చినచో కాఫీ పండ్లు చెట్టున నిలువవు. జెండా పట్టినవానిని పోలీసులు ఒక విధముగా అనుమానింతురు; అడవిలోని తుపాకీవారు మఱియొక విధముగా అనుమానింతురు. ఎన్నికలు దగ్గఱపడినచో నిన్నటి నాయకుడు నేడు ఒక పార్టీ కండువాతో కనబడును. ఇన్నింటి నడుమ వీధి వెలవెలపోయిన, దానిని సమ్మతి యని చదువుట న్యాయమా? ఉత్తర్వుపై అసమ్మతి అణగలేదనుటకు నిదర్శనము, 2019లో వచ్చిన కొత్త ప్రభుత్వము దానిని రద్దు చేయుటయే.

వెనుకటి చరిత్రయు ఇట్లే యున్నది. 1879 నాటి రంప ఫితూరీ అణగినది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడితో ఆరంభమైన అల్లూరి సీతారామరాజు పోరాటము 1924 మే 7న ఆయన మరణముతో వెనుకబట్టినది. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద ఇద్దరు గిరిజనులు భూస్వాముల పక్షపు కాల్పులకు బలియైన పిమ్మట రగిలిన శ్రీకాకుళ పోరాటమును 1970 నాటికి అణచివేతకు గుఱియైనది. ప్రతిసారియు జనము కొండలకు మరలిపోయిరి. కాని ప్రతి అలజడి కాలమునుండియు ఒక కాగితము మిగిలినది. గిరిజనుల భూమి అన్యుల పాలు కాకుండ 1917లో ఒక చట్టము, 1959లో ఒక నిబంధన వచ్చెను. శ్రీకాకుళమున తుపాకుల మ్రోత చల్లారకముందే, 1970 ఫిబ్రవరి 3న, ఆ నిబంధనను బిగించు 1/70 చట్టము అమలులోనికి వచ్చెను. ఆ చట్టము బలముమీదనే, బొర్రా ప్రాంతపు గనుల గుత్తలపై "సమత" సంస్థ వేసిన వ్యాజ్యమున, షెడ్యూల్డు ప్రాంతములోని ప్రభుత్వ భూమిని సైతము గిరిజనేతరులకు గుత్తకు ఇయ్యరాదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆనాడు వీధిలో ఎందఱుండిరి అని ఎవరును లెక్కపెట్టలేదు.

ఇంత మాత్రమున ఊఱట చెంది ఊరకుండవచ్చునా? ఉండరాదు. వీధి మౌనముగా నున్న వేళలోనే కాగితములు చెఱిగిపోవుటయు కలదు. సమైక్యాంధ్ర ఉద్యమమున 2013 ఆగస్టులో మొదలైన ఉద్యోగుల సమ్మె అక్టోబరులో విరమింపబడిన పిమ్మట వీధులు క్రమముగా పలుచబడెను. 2014 ఫిబ్రవరి 19న ముఖ్యమంత్రి శ్రీ కిరణ్ కుమార్ రెడ్డి రాజీనామా చేసిరి. మార్చి 1న రాష్ట్రపతి పాలన వచ్చెను. మే నెలాఖరున, రెండు రాష్ట్రములలోను ఎన్నికైన ప్రభుత్వములు ఇంకను గద్దె నెక్కకముందే, పోలవరము ముంపు కారణముగా భద్రాచల మన్యములోని ఏడు మండలములకు చెందిన గ్రామములను ఆంధ్రప్రదేశములో చేర్చు ఆర్డినెన్సు వెలువడెను. ఆ నిర్ణయము మంచిదా, చెడ్డదా అను వాదమును ప్రక్కన పెట్టుదము. దాని బరువును మోయవలసిన కోయ, కొండరెడ్ల పక్షమున ప్రశ్నించుటకు ఆనాడు కొలువుదీరిన శాసనసభ ఏదియును లేకుండెననుట మాత్రము నిజము. అట్లే, షెడ్యూల్డు ప్రాంతములలో ఉపాధ్యాయ పదవులను పూర్తిగా స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 జనవరి 10 నాటి 3వ నంబరు ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసెను. కరోనా కట్టడిచే దేశమంతయు తలుపులు మూసికొనియున్న దినములవి. ఆనాటి వీధుల నిశ్శబ్దమును అంగీకారమని ఎవరనగలరు?

కావున వీధిలోని తలలను లెక్కించి ప్రజాభిప్రాయమును కొలుచుట ఒక పొరపాటు. గద్దెనున్నవాడు ఆపద్ధర్మ ప్రభువా, సంపూర్ణ ప్రభువా అని తర్కించి ఊరకుండుట మఱియొక పొరపాటు. మన్యమునకు కావలసిన కొలత ఇదివఱకే చట్టములో నున్నది. 1996లో పార్లమెంటు చేసిన పంచాయతీల విస్తరణ చట్టమును, 2011లో రాష్ట్రము చేసిన నియమములును షెడ్యూల్డు ప్రాంతపు గ్రామసభకు పలుకు నిచ్చినవి. భూసేకరణకు ముందు సభను సంప్రదింపవలెను. చిన్నతరహా ఖనిజముల గుత్తలకు దాని సిఫారసు కావలెను. గ్రామసభకు వచ్చుటకు కూలి పోగొట్టుకొని ఘాటు దిగనక్కఱలేదు. అందు మౌనము వహించినవానిని పేరుపెట్టి పిలిచి అడుగవచ్చును. అడిగిన పిదపనే అది అంగీకారమో, అనంగీకారమో తేలును.

ప్రభుత్వములు మాఱుచుండును, రెండు ప్రభుత్వముల నడుమ సంధికాలమును వచ్చుచుండును. ఆ కాలమున గద్దెనున్నవారు డోలీలో మోసికొని వచ్చిన రోగికి మందు ఇయ్యవలెను, ఎండిన ఊటకు మాఱుగా నీరు పంపవలెను, తుపానులో కూలిన ఇంటికి కప్పు వేయింపవలెను. మరల సరిదిద్దరాని పనిని మాత్రము రాబోవువారికి విడువవలెను. ఉద్యమకారులును వీధి వెలవెలపోయినదని దిగులుపడక, గ్రామసభల తీర్మానములు పుస్తకములకెక్కినవో లేదో చూచుకొనవలెను. చేను నిశ్శబ్దముగా నున్నదని కావలివాడు పంట కోసికొనిపోవుట ధర్మము కాదు. చేనుగలవాడు విత్తులకై పొరుగు కొండకు పోయియుండవచ్చును. కోతనాటికి అతడు మరలివచ్చును.